విరేచనాల పీసీఆర్ ప్యానెల్: పేషెంట్ రిపోర్ట్ ఇచ్చే ముందు మన ల్యాబ్‌లో ఎలా పరీక్షించుకోవాలి

మలం శాంపిల్‌లో ఇరవైకి పైగా క్రిములను ఒకే రన్‌లో వెతికే పీసీఆర్ (క్రిమి జన్యువులను పెంచి పట్టే పరీక్ష) ప్యానెల్ మీ ల్యాబ్‌కు వచ్చిందనుకోండి. గంట, గంటన్నరలో ఫలితం. కంపెనీ మనిషి ఒక పూట కూర్చుని టెక్నీషియన్లకు నేర్పాడు, ఫలితం ముందే తెలిసిన రెండు కంట్రోళ్లు వేసి చూపించి వెళ్లాడు. సోమవారం నుంచి పేషెంట్లకు మొదలుపెట్టమని యాజమాన్యం తొందరపెడుతోంది. రిపోర్ట్ కింద సంతకం మాత్రం మీది. ఆ సంతకానికి ముందు చేయాల్సిన పనులు ఇక్కడ వరుసగా చెబుతాను.

కిట్‌తో వచ్చే కాగితంలో సెన్సిటివిటీ (క్రిమి ఉన్నవాళ్లలో ఎంతమందిని పడుతుంది), స్పెసిఫిసిటీ (లేనివాళ్లలో ఎంతమందికి లేదని చెబుతుంది) అంకెలు ఘనంగానే ఉంటాయి. అవి అబద్ధాలు కావు. కాకపోతే అవి వేరే చోటి పేషెంట్లవి. శాంపిల్ తీసిన వెంటనే సరైన మీడియంలో (శాంపిల్ పాడవకుండా ఉంచే ద్రవం) వేసి, చల్లగా దాచి, పద్ధతిగా నడిపినప్పుడు వచ్చినవి. మే నెల ఎండలో మాచర్ల నుంచి బస్సులో గుంటూరు చేరిన డబ్బా గురించి ఆ కాగితానికి ఏమీ తెలియదు. వచ్చే ముందే మందుల షాపులో ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ బిళ్లలు నాలుగు మింగిన పేషెంట్ గురించీ తెలియదు. అది మనమే తేల్చుకోవాలి.

1. ఎవరికి చేయబోతున్నారో ముందు రాసుకోండి

మిషన్ ఆన్ చేయకముందే చేయాల్సిన పని ఇది. మామూలు నీళ్ల విరేచనాలతో వచ్చిన పిల్లవాడికి కావాల్సింది ఓఆర్‌ఎస్, జింక్. ఖరీదైన ప్యానెల్ వాడికి ఏ మేలూ చేయదు, తండ్రి జేబు ఖాళీ చేస్తుంది. జ్వరంతో రక్తం, జిగట పడుతున్నవాళ్లు, పద్నాలుగు రోజులు దాటినా తగ్గనివాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, నీరసించి ఆసుపత్రిలో చేరినవాళ్లు, ఒకే హాస్టల్ నుంచి గుంపుగా వచ్చినవాళ్లు: ప్యానెల్ అక్కరకొచ్చేది వీళ్లకు. మీ డాక్టర్లతో కూర్చుని ఈ జాబితా ఖాయం చేసుకోండి. రేపు మీరు పరీక్షకు ఎంచుకునే శాంపిళ్లు కూడా ఇలాంటివాళ్లవే కావాలి.

తరువాత ప్యానెల్‌లోని క్రిముల జాబితా ప్రింటు తీసి, పక్కన మీ అవసరాలు రాయండి. ఈ ప్యానెళ్లు ముందుగా అమెరికా అవసరాలకు తయారయ్యాయి. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013 జనవరిలో లూమినెక్స్ ఎక్స్‌ట్యాగ్ ప్యానెల్‌కు, 2014లో 22 టార్గెట్ల (వెతికే క్రిముల) బయోఫైర్ ఫిల్మ్‌అరే ప్యానెల్‌కు అనుమతి ఇచ్చింది. అందుకే వీటిలో ఈ-కోలై ఓ157కు అంత ప్రాధాన్యం. మనకు జాబితాలో కలరా ఉండడం తప్పనిసరి. కొన్ని చిన్న బాక్టీరియా ప్యానెళ్లలో కలరా జాతి విబ్రియో ఉండనే ఉండదు, కొనేముందే చూసుకోండి. ఫిల్మ్‌అరేలో ఏరోమోనాస్ అనే బాక్టీరియా లేదు, సిస్టోఐసోస్పోరా అనే పరాన్నజీవి లేదు, కొంకిపురుగు లేదు, స్ట్రాంగిలాయిడిస్ అనే పేగుపురుగు లేదు. హెచ్‌ఐవీ పేషెంట్‌కు నెలల తరబడి విరేచనాలైతే మైక్రోస్కోప్ కింద క్రిములు కనిపించేలా యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ (రంగు) వేయక తప్పదు. ప్యానెల్ వచ్చిందని మైక్రోస్కోప్ మీద కవర్ కప్పేయకండి.

టైఫాయిడ్ సంగతి కూడా చెప్పేయాలి. మలంలో సాల్మొనెల్లా నెగటివ్ వచ్చిందని టైఫాయిడ్ లేదనుకునే డాక్టర్లు మన దగ్గర ఉన్నారు. టైఫాయిడ్‌కు బ్లడ్ కల్చరే దారి. రిపోర్ట్‌లో ఆ ముక్క రాయడానికి ఇప్పుడే చోటు పెట్టుకోండి.

2. ప్లాన్ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి

కంపెనీ చెప్పినట్టే అక్షరాలా వాడితే మీరు చేసేది వెరిఫికేషన్: వాళ్లు చెప్పిన పనితనం మీ చేతుల్లోనూ వస్తోందని రుజువు చేసుకోవడం. మలం బదులు రెక్టల్ స్వాబ్ (మలద్వారంలోంచి దూదిపుల్లతో తీసింది) వేసినా, వాళ్లు చెప్పని మీడియం వాడినా, సొంత ప్రైమర్లతో (క్రిమి జీన్‌ను పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) చేసినా అది వ్యాలిడేషన్ అవుతుంది, పని చాలా పెరుగుతుంది. వైద్య ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15189 రెండింటినీ విడదీసి అడుగుతుంది, ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ అసెసర్ కూడా మొదట అడిగేది ఇదే. పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే చెప్పే పరీక్షలకు ల్యాబ్ ప్రమాణాలు రాసే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ వారి ఈపీ12 గైడ్‌లైన్ దగ్గర పెట్టుకోండి.

ప్లాన్‌లో తప్పక ఉండాల్సింది, ఎంత వస్తే పాస్, ఎంతకు తగ్గితే ఆపేస్తాం అనే గీత. మొదటి రన్‌కు ముందే అది కాగితం మీద ఉండాలి. ఫలితాలు చూశాక గీత గీస్తే, అవి ఎక్కడున్నాయో అక్కడికే గీత జరుగుతుంది. ఎంత నిజాయతీ ఉన్నవాళ్లకైనా ఇది తప్పదు. మిషన్‌కు డబ్బు కట్టేశాక మనసు దాని పక్షానే ఉంటుంది.

3. శాంపిళ్లు పోగుచేయడం

ఎన్ని కావాలి? ఇరవై పాజిటివ్‌లు పెడితే ఇరవైకి ఇరవై వచ్చాయనుకోండి. నూటికి నూరు అని సంబరపడతాం. లెక్క వేస్తే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, అసలు సెన్సిటివిటీ సుమారు 84 శాతానికి తగ్గదని మాత్రమే. ముప్పైకి ముప్పై వస్తే ఆ కింది హద్దు 89 దగ్గరకు, యాభైకి యాభై వస్తే 93 దగ్గరకు చేరుతుంది. కాబట్టి రిపోర్ట్‌లో "100 శాతం" అని ఒంటరిగా రాయకండి, పక్కన ఎన్నిటికి ఎన్నో, ఆ కింది హద్దు ఎంతో రాయండి.

ఇరవై రెండు టార్గెట్లకూ తలా ముప్పై పాజిటివ్‌లు ఏ ల్యాబ్‌కూ దొరకవు. షిగెల్లా, రోటా, నోరో, జియార్డియా లాంటివి ఓపిక పడితే దొరుకుతాయి. మిగతావాటికి మెడికల్ కాలేజీల్లోని మైక్రోబయాలజీ మిత్రులను అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేర్లు తీసేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన మిగులు శాంపిళ్లు ఇవ్వగలరు. అవీ లేకపోతే రిఫరెన్స్ స్ట్రెయిన్‌ను (ఫలానాదని ఖాయంగా తెలిసిన క్రిమిని) నెగటివ్ మలంలో కలిపి తయారు చేసుకోవాలి. ఉప్పునీటిలో కలిపితే లాభం లేదు. పీసీఆర్‌ను ఆపే పైత్య లవణాలు, రక్తంలోని హీమ్, చిక్కటి పాలిసాకరైడ్లు ఉండేది మలంలోనే, కిట్‌కు అసలు పరీక్ష అక్కడే. కలిపేది కూడా లిమిట్ ఆఫ్ డిటెక్షన్‌కు (కిట్ పట్టగలిగే అతి తక్కువ మోతాదుకు) రెండు మూడు రెట్లే ఉండాలి. పది లక్షల బాక్టీరియా వేసి పాజిటివ్ వచ్చిందంటే అది పరీక్ష కాదు.

దాచిన శాంపిళ్లలో కష్టమైనవి కావాలని ఏరుకోండి: రక్తపువి, జిగటవి, నూనె తేలేవి, యాంటీబయాటిక్ పడ్డాక తీసినవి, రెండు మూడు క్రిములు కలిసి ఉన్నవి. గట్టిగా కట్టిన మలం పంపితే తీసుకోవాలా వద్దా అన్నదీ ఈ దశలోనే తేల్చండి. నా మాట అడిగితే వెనక్కి పంపమంటాను.

4. దేనితో పోల్చాలి

మొత్తం పనిలో కష్టమైనదీ, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

కల్చర్‌ను (క్రిమిని పెంచి చూసే పరీక్షను) బంగారు కొలబద్ద అనుకుని పెరిగాం. కానీ షిగెల్లా డబ్బాలో కొన్ని గంటలుంటే చచ్చిపోతుంది. కాంపైలోబాక్టర్‌కు 42 డిగ్రీలు, తక్కువ ఆక్సిజన్ కావాలి, చాలా ల్యాబుల్లో ఆ ఏర్పాటే లేదు. వచ్చిన పేషెంట్లలో సగంమంది అప్పటికే బిళ్లలు మింగి ఉంటారు. అలాంటప్పుడు కల్చర్ నెగటివ్, పీసీఆర్ పాజిటివ్ అయితే పీసీఆర్‌దే తప్పని ఎలా అంటాం? అలాగని పీసీఆర్‌దే ఒప్పని కూడా అనలేం. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కావచ్చు, పక్క శాంపిల్ నుంచి చిందింది కావచ్చు.

పద్ధతి ఇది. ఒకే మలాన్ని, అదే రోజు రెండు భాగాలు చేయండి. ఒకటి కొత్త ప్యానెల్‌కు, ఒకటి పాత పరీక్షలకు. ఒకరి ఫలితం ఒకరికి తెలియకూడదు. పాత పరీక్షలంటే కల్చర్ ఒక్కటే కాదు. కల్చర్‌తో పాటు వేరే జీన్‌ను పట్టే ఇంకో పీసీఆర్ ఉండాలి. కొత్త ప్యానెల్ షిగెల్లాను ఐపీఏహెచ్ జీన్‌తో పడుతుంటే, పోల్చే పీసీఆర్ కూడా అదే జీన్‌ను అదే ప్రైమర్లతో పడితే రెండూ కలిసి ఒకే తప్పు చేస్తాయి. ఏవేవి పాజిటివ్ అయితే నిజమైన పాజిటివ్ అని లెక్కిస్తారో, ఆ సూత్రం ప్లాన్‌లో ముందే ఉండాలి.

తేడా వచ్చిన శాంపిళ్లను మాత్రమే మూడో పరీక్షకు పంపి సరిదిద్దే అలవాటు మనలో చాలామందికి ఉంది. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ తేడా వచ్చినవాటినే మళ్లీ చూస్తే, సరిదిద్దిన ప్రతిసారీ కొత్త పరీక్ష మార్కులు పెరగడమో అలాగే ఉండడమో తప్ప తగ్గడం ఉండదు. రెండు పరీక్షలూ కలిసి తప్పిన శాంపిళ్లను ఎవరూ తిరిగి తెరవరు కదా. అందుకే సరిదిద్దక ముందు అంకె, సరిదిద్దిన తరువాత అంకె రెండూ రాయండి. రెండు పరీక్షలూ ఒకే ఫలితం ఇచ్చిన శాంపిళ్లలోంచి కూడా కొన్నిటిని చీటీలు తీసినట్టు తీసి మూడో పరీక్షకు పంపండి. పోల్చేది పక్కా కొలబద్ద కానప్పుడు "సెన్సిటివిటీ" అనే మాట వాడకుండా పాజిటివ్ అగ్రిమెంట్, నెగటివ్ అగ్రిమెంట్ (పాత పరీక్షతో ఎంత కలిసిందో) అనడమే నిజాయతీ.

ఒక్కచోట మాత్రం లెక్క తిరగబడుతుంది. మైక్రోస్కోప్‌లో అమీబా సిస్టులు కనిపించి పీసీఆర్ నెగటివ్ వస్తే చాలాసార్లు పీసీఆర్‌దే నిజం. హానిలేని ఎంటమీబా డిస్పార్, జబ్బు చేసే హిస్టోలిటికా కంటికి ఒకేలా ఉంటాయి. వీటిని పీసీఆర్ విడదీయగలదు. ఎన్నేళ్లుగా ఎంతమందికి అక్కర్లేని మెట్రోనిడజోల్ రాయించామో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

5. బెంచ్ మీద పని

లిమిట్ ఆఫ్ డిటెక్షన్ సరిచూడాలంటే కంపెనీ చెప్పిన మోతాదులో ఇరవైసార్లు వేయండి, కనీసం పంతొమ్మిది పాజిటివ్ రావాలి. ఒక్కో కాట్రిడ్జ్ (ఒక శాంపిల్ వేసి మిషన్‌లో పెట్టే డబ్బీ) ధర వేలల్లో ఉంటుంది కాబట్టి అన్ని టార్గెట్లకూ సాగదు. తెలివిగా ఎంచుకోండి: ఒక గ్రామ్ నెగటివ్ బాక్టీరియా, ఒక ఆర్‌ఎన్‌ఏ వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. మలంలో వచ్చే దాని ఊసిస్టు (గుడ్డు లాంటి రూపం) గోడ చాలా గట్టిది. దాన్ని పగలగొట్టి డీఎన్‌ఏ బయటికి తీయగలిగితే మిగతావాటి మీద నమ్మకం పెరుగుతుంది.

అవే శాంపిళ్లను వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చేతులతో మళ్లీ వేయండి. రాత్రి డ్యూటీ టెక్నీషియన్‌ను వదిలేయకండి. అర్జంటు శాంపిళ్లు వచ్చేది ఆ వేళకే.

మా దగ్గర మొదటి వారంలో వరుసగా ఇన్‌వ్యాలిడ్‌లు (ఫలితం చెల్లని రన్‌లు) వచ్చాయి. ఇంటర్నల్ కంట్రోల్, అంటే రన్ సరిగా జరిగిందో లేదో చెప్పేది, పడిపోతోంది. కిట్‌ను తిట్టుకున్నాం. తీరా ఒక ఉదయం పక్కన నిలబడి చూస్తే, మా అబ్బాయి స్వాబ్‌తో మలం నిండుగా తీసి క్యారీ-బ్లెయిర్ మీడియం గొట్టంలో గీత దాటి వేలెడంత పైకి నింపుతున్నాడు. మందు తక్కువైతే పనిచేయదేమోనన్నట్టు, ఎక్కువ వేస్తే బాగా దొరుకుతుందని అతని నమ్మకం. ద్రవం ముద్ద పప్పులా ఉంది. మలం ఎక్కువైతే క్రిమితో పాటు పీసీఆర్‌ను అడ్డుకునేవీ ఎక్కువవుతాయి. గొట్టాల మీద గీతను ఎర్ర మార్కర్‌తో దిద్దించాం. ఇన్‌వ్యాలిడ్‌లు దాదాపు ఆగిపోయాయి. మీ వెరిఫికేషన్‌లో ఇన్‌వ్యాలిడ్ శాతం విడిగా లెక్కించండి, లెక్కలోంచి తీసేయకండి.

కంటామినేషన్ పరీక్షకు బలమైన పాజిటివ్, నెగటివ్, మళ్లీ పాజిటివ్, నెగటివ్ అని చదరంగం గడుల్లా వేయండి. మూసేసిన కాట్రిడ్జ్ కదా అని ధీమా వద్దు, మూయకముందు జరిగేదంతా బయటే జరుగుతుంది. ఒకసారి మాకు వరుసగా నాలుగు శాంపిళ్లలో నోరోవైరస్ వచ్చింది, నలుగురికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదు. శాంపిల్ విప్పే క్యాబినెట్ అడుగును స్వాబ్ చేసి కాట్రిడ్జ్‌లో వేస్తే అదీ పాజిటివ్. మొదటి డబ్బా మూత తీసేటప్పుడు చిందింది, పైన స్పిరిట్‌తో తుడిచారు. స్పిరిట్ డీఎన్‌ఏను, ఆర్‌ఎన్‌ఏను నాశనం చేయదు. ఆ రోజు కలిపిన పది శాతం బ్లీచ్ వేసి, పది నిమిషాలు ఆగి, నీళ్లతో తుడవాలి. డబ్బాకూ డబ్బాకూ మధ్య గ్లౌజులు మార్చాలి.

ఇక ఎండ పరీక్ష. ఒక పాజిటివ్ శాంపిల్‌ను భాగాలు చేసి ఫ్రిజ్‌లో, గది వేడిలో, 42 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి, 0, 24, 48, 72 గంటలకు వేసి చూడండి. మీడియంలో ఒక జత, ఖాళీ డబ్బాలో ఒక జత. మీ కలెక్షన్ సెంటర్లకు ఎన్ని గంటల గడువు ఇవ్వాలో దీన్నుంచే తెలుస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ మీడియం కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మలం వేయని ఒక గొట్టాన్ని కూడా రన్ చేయండి. స్టెరైల్ మీడియంలో బతికిన క్రిమి ఉండదు, చచ్చినవాటి డీఎన్‌ఏ ఉండొచ్చు. ఫార్మలిన్‌లో వచ్చిన శాంపిల్‌ను తీసుకోకండి, అది పీసీఆర్‌ను పాడుచేస్తుంది.

6. పాజిటివ్‌కు అర్థం ఏమిటి

అరుదైన క్రిమి విషయంలో ఈ లెక్క చేతితో వేసి చూడండి. వెయ్యిమందిలో పదిమందికి ఆ క్రిమి ఉంది. సెన్సిటివిటీ 95, స్పెసిఫిసిటీ 99. ఉన్నవాళ్లలో తొమ్మిది, పదిమంది దొరుకుతారు. లేని 990 మందిలో మరో పదిమంది పాజిటివ్ అవుతారు. అంటే పాజిటివ్ రిపోర్టుల్లో సగం తప్పు. అదే క్రిమి వందమందికి ఉంటే 95 నిజం, 9 తప్పు. కిట్ మారలేదు, ఊరు మారింది. ఎస్‌టీఈసీ (షిగా టాక్సిన్ అనే విషాన్ని చేసే ఈ-కోలై) లాంటివి మన దగ్గర తక్కువగానే దొరుకుతాయి కాబట్టి, పాజిటివ్ వస్తే మళ్లీ వేసి నిర్ధారించుకున్నాకే ఫైనల్ చేయండి. అంతవరకు డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఎస్‌టీఈసీకి యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీలకు ప్రమాదం పెరగవచ్చు. షిగెల్లా, షిగా టాక్సిన్ రెండూ పాజిటివ్ అయితే షిగెల్లా డిసెంట్రియే టైప్ 1 కావచ్చని గుర్తుంచుకోండి, కల్చర్ పెట్టండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. క్రిమి నిజంగానే ఉంది, కానీ విరేచనాలకు కారణం అదేనా? కోల్‌కతాతో సహా ఏడు చోట్ల జరిగి, 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన, పిల్లల విరేచనాలపై జెమ్స్ అధ్యయనంలో విరేచనాలు లేని పిల్లల మలంలోనూ ఏదో ఒక క్రిమి దొరకడం సర్వసాధారణంగా కనిపించింది. జియార్డియా అయితే విరేచనాలు ఉన్న పిల్లల కంటే లేని పిల్లల్లోనే ఎక్కువ. అవే శాంపిళ్లను క్రిముల పరిమాణం కొలిచే పీసీఆర్‌తో తిరిగి చూసి 2016లో ప్రచురించినప్పుడు షిగెల్లా పాత్ర అంతకుముందు అనుకున్నదానికన్నా బాగా పెద్దదని తేలింది. అందుకే మీ వెరిఫికేషన్‌లో విరేచనాలు లేని పిల్లలవి కనీసం ఓ ముప్పై శాంపిళ్లు చేర్చండి. తల్లిదండ్రుల అనుమతితో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో తీసుకోవాలి, కష్టమే. కానీ మీ ఊళ్లో ఈఏఈసీ, ఈపీఈసీ (రెండూ ఈ-కోలై రకాలు), జియార్డియా ఎంతమందిలో ఊరికే ఉంటాయో తెలిస్తే, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీకు ఒక ఆధారం ఉంటుంది.

పసిపిల్లల్లో రెండు విషయాలు. ఏడాది లోపు వాళ్లలో సీ-డిఫిసిల్ అనే పేగు బాక్టీరియా జబ్బు చేయకుండానే ఉంటుంది, ఆ వయసుకు ఆ ఫలితాన్ని సాఫ్ట్‌వేర్‌లో మూసేయండి. రోటావైరస్ విషయంలో టీకా తేదీ అడగండి. 2016లో రోటా టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ బతికిన వైరస్‌తో చేసిన చుక్కల మందు, 6, 10, 14 వారాలకు వేస్తారు. వేశాక కొన్నాళ్లు టీకా వైరస్సే మలంలో బయటికి రావచ్చు, పీసీఆర్ దాన్నీ పట్టేస్తుంది. రిక్వెస్ట్ ఫారంలో "చివరి రోటా డోసు తేదీ" అని ఒక గడి చేర్చితే చాలు.

7. రిపోర్ట్ మాటలు, ఆ తరువాత

"షిగెల్లా పాజిటివ్" అని రాయకండి, "షిగెల్లా లేదా ఈఐఈసీ" అని రాయండి. ఈఐఈసీ కూడా ఒక ఈ-కోలై రకం, రెండిట్లోనూ అదే ఐపీఏహెచ్ జీన్ ఉంటుంది. సాల్మొనెల్లా, షిగెల్లా, కలరా పాజిటివ్ అయితే మిగిలిన మలంతో అదే రోజు కల్చర్ పెట్టాలి. కలరాకు దాన్ని పెంచే ఆల్కలైన్ పెప్టోన్ వాటర్, ఆపై టీసీబీఎస్ ప్లేటు. ఏ మందు పనిచేస్తుందో ప్యానెల్ చెప్పదు, పెరిగిన కాలనీ చెబుతుంది. ఆ ఊళ్లో ఇంకెంతమందికి సోకిందో వెతకాలన్నా కాలనీ చేతిలో ఉండాలి. కలరా అయితే ప్రభుత్వ వ్యాధుల నిఘా పోర్టల్ ఐహెచ్‌ఐపీలో నమోదు చేసి, జిల్లా సర్వైలెన్స్ అధికారికి ఆ రోజే ఫోన్ చేయండి.

మొదలుపెట్టాక ప్రతి నెలా మూడు అంకెలు మిషన్ పక్కన గోడ మీద రాయించండి: ఒక్కో క్రిమి పాజిటివ్ శాతం, ఇన్‌వ్యాలిడ్ శాతం, రెండు మూడు క్రిములు కలిసి వచ్చినవి. ఏదైనా ఒక్కసారిగా పెరిగితే ఊళ్లో వ్యాధి పెరిగిందా, మీ క్యాబినెట్‌లో చిందిందా అని ఆ రోజే చూడండి. కిట్ లాట్ మారినప్పుడు వేయడానికి, వెరిఫికేషన్‌లో మిగిలిన బలహీన పాజిటివ్‌లను చిన్న గొట్టాల్లో ఒక్కో వాడకానికి సరిపడా పంచి, మైనస్ 80లో ఒక డబ్బా దాచండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించినవి అందులో పెట్టొద్దు. డబ్బా మూత మీద క్రిమి పేరు, తేదీ, ఎన్ని గొట్టాలు మిగిలాయో రాసి ఉండాలి.